మాటలాడిన భూతము

1815వ సంవత్సరమున నేటి ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. దాని ధూళి ఆకాశమును గప్పుటచే మరుసటి యేట ఐరోపాకు వేసవి కరవయ్యెను. జెనీవా సరస్సు చెంత విడిసియున్న ఆంగ్లకవి బైరనును ఆతని మిత్రులును వానలకు ఇల్లు కదలలేక దయ్యపు కథలు చదువుకొనిరి. తలకొక కథ వ్రాయుదమని బైరను పలికెను.

పదునెనిమిదేండ్ల మేరీ షెల్లీ అప్పుడారంభించిన ‘ఫ్రాంకెన్‌స్టయిన్’ 1818లో వెలువడెను. అందొక శాస్త్రవిద్యార్థి శవముల అవయవములతో ఒక ప్రాణిని సృజించి, దాని వికృతరూపమునకు జడిసి పారిపోవును. ఆ ప్రాణి తనంతట మాటలు నేర్చి, గ్రంథములు చదివి, స్నేహమును యాచించును. ఎల్లరును తరుమగా పగబట్టి హత్యలకు దిగును.

1931 నాటి చలనచిత్రములో దానికి మాటలే లేవు. చిత్రము చూచినవారు దాని రూపమునకు వెఱతురు. గ్రంథము చదివినవారు దానిని విడిచిన సృష్టికర్త నిర్దయకు వెఱతురు. ఈ రెండవ భయమే మనుజునకు మేలుచేయును.