కంపెనీ తరఫున సంతకం ఎవరిది?

రాయికోడ్ ప్రాంతంలో పత్తి, కందులు, పెసలు కొనే ఖరీదుదారు ఒక్కొక్కప్పుడు వ్యక్తి కాక లిమిటెడ్ కంపెనీ అయి ఉంటుంది. యార్డులో కాంటా అయితే తక్‌పట్టీ చేతికి వస్తుంది. చిక్కంతా యార్డు వెలుపలి అరువు బేరంతోనే. డైరెక్టరునని చెప్పిన ఒకాయన కాగితం రాసిచ్చి సరుకు ఎత్తుకుపోతాడు. గడువునాటికి కంపెనీ "ఆయనకు ఆ అధికారం లేదు" అంటే రైతు గతి ఏమిటి?

2013 కంపెనీల చట్టం 179వ సెక్షను అధికారాలను డైరెక్టర్ల బోర్డుకు ఇచ్చింది. బోర్డు అంటే డైరెక్టర్లందరి సమష్టి. కేవలం ఆ పదవి ఉన్నంత మాత్రాన ఏ ఒక్క డైరెక్టరూ కంపెనీని ఒప్పందానికి కట్టివేయలేడు. 21వ సెక్షను ప్రకారం మేనేజింగ్ డైరెక్టరు వంటి ముఖ్య నిర్వాహకులు గాని, బోర్డు అధికారమిచ్చిన అధికారి లేక ఉద్యోగి గాని సంతకం చేయాలి.

బయటివారికి కొంత రక్షణ లేకపోలేదు. 1856లో ఇంగ్లండులో తేలిన టర్క్వాండ్ కేసు నాటి నుంచి, లోపల తీర్మానం సక్రమంగా జరిగిందా అని బయటివారు ఆరా తీయనక్కరలేదన్న సూత్రం ఉంది. అనుమానానికి తావుండీ కళ్లు మూసుకున్నవారికి మాత్రం అది వర్తించదు.

కంపెనీ నియమావళి సంగతి వేరు. అది రిజిస్ట్రారు వద్ద రుసుము చెల్లించి ఎవరైనా చూడగల పత్రం; కాబట్టి అందరికీ తెలిసినట్టే లెక్క. మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చిన కోట్ల వెంకటస్వామి, చింతా రామమూర్తి కేసు (1934) దీనికి తార్కాణం. మేనేజింగ్ డైరెక్టరు, కార్యదర్శి, వర్కింగ్ డైరెక్టరు ముగ్గురూ సంతకం చేయాలని ఆ కంపెనీ నియమం. తనఖా పత్రంపై కార్యదర్శి, వర్కింగ్ డైరెక్టరు మాత్రమే చేశారు. అప్పిచ్చిన మహిళ నిజాయితీగానే ఇచ్చి ఉండవచ్చు, సొమ్ము కంపెనీకే ఖర్చయి ఉండవచ్చు. అయినా పత్రం చెల్లదని కోర్టు తేల్చింది. కఠినమైన తీర్పే.

తరుగు దగ్గర పట్టుబట్టే రైతు సంతకం దగ్గర మొహమాటపడుతున్నాడు. బోర్డు తీర్మానం నకలు అడగడం తప్పు కాదు. అధికారం ఎవరి పేరున, ఎంత మొత్తం వరకు ఇచ్చారో అందులో చూసుకోవాలి.

ఒప్పందం నిలవకపోయినా, సరుకు కంపెనీకి చేరి అది వాడుకుంటే 1872 కాంట్రాక్టు చట్టం 70వ సెక్షను కింద విలువ అడగవచ్చు. చేరిందని రుజువు చేయవలసింది మాత్రం రైతే. అందుకు కాంటా చీటీ, లారీ నంబరు, గోదాములో దింపుకున్నట్టు రశీదు పనికివస్తాయి.