బ్యాంబీ తల్లి చనిపోయే చోట ఆపేయాలా?

సందేహాలు - సమాధానాలు: పాత యానిమేషన్ సినిమాలు

ప్రశ్న: మా పాపకు ఐదేళ్లు. 'బ్యాంబీ' చూపిద్దామని ఉంది. తల్లి జింక చనిపోయే ఘట్టం చూసి చిన్నప్పుడు నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఆ ముక్క దాటించేయనా?
- ఒక అమ్మ, హనుమకొండ

జవాబు: దాటించకండి. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకోండి. 1942 నాటి ఈ సినిమాను ఇప్పుడు మళ్లీ చూస్తే మీరే ఆశ్చర్యపోతారు. తల్లి చనిపోవడం తెరమీద ఎక్కడా లేదు! మంచు కరిగిన చోట లేతగడ్డి మేస్తున్న తల్లి ఉలిక్కిపడి తలెత్తుతుంది, పరుగెత్తమంటుంది. పిల్ల ముందు, తల్లి వెనక. తుపాకి చప్పుడు. బ్యాంబీ పొద చేరి వెనక్కి తిరిగితే ఎవరూ ఉండరు. వేటగాడైతే సినిమా మొత్తంలో ఒక్కసారీ కనిపించడు. మనం చూశామనుకున్న నెత్తురు మన మనసు గీసుకున్నదే.

ఆ ఖాళీకి అంత బలం రావడానికి ముఖ్య కారణం టైరస్ వాంగ్. చైనాలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరిన చిత్రకారుడు. అడవి అంటే ఆకు ఆకూ గీయాలనుకునే చోట ఆయన సోంగ్ వంశకాలపు చైనా చిత్రాల తీరు పట్టుకున్నాడు. కాస్త పొగమంచు, నాలుగు చెట్ల మసక నీడలు, అంతే. చూపు నేరుగా జింకపిల్ల మీదికి పోతుంది. అంతటి మనిషి స్టూడియోలో 1941లో జరిగిన సమ్మె తర్వాత ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తెరమీద ఆయన పేరు నేపథ్య చిత్రకారుల జాబితాలో ఒకటిగా మిగిలింది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

తల్లి పోయిన వెంటనే వసంతం, పిట్టల పాట వచ్చేస్తాయి. నా దృష్టిలో అది తొందరపాటు. అక్కడ మీరే సినిమా ఆపి, పాప ఏమడుగుతుందో వినండి.

ప్రశ్న: 'స్నోవైట్' పెడితే పది నిమిషాలకే మనవలు లేచిపోయారు. అంత నెమ్మదేమిటండీ?
- ఒక తాతగారు, కాకినాడ

జవాబు: కథ కోసం చూస్తే నెమ్మదే. మరుగుజ్జులు భోజనానికి ముందు చేతులు కడుక్కునే ఘట్టం చూడండి. కథ అక్కడ అంగుళం కదలదు. కానీ ఏడుగురిలో ఎవరి తీరు వారిది. ఒకడు మొండికేస్తే మిగతావాళ్లు పట్టుకుని తొట్టిలో ముంచుతారు. డోపీ అనే మరుగుజ్జు ఏకంగా సబ్బే మింగేస్తాడు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 83 నిమిషాల బొమ్మను చేత్తో గీశారు. ఆ గీతల్ని పారదర్శకమైన షీట్ల మీదికి ఇంకుతో ఎక్కించి, వెనకవైపు రంగులు నింపినవాళ్లు దాదాపు అందరూ ఆడవాళ్లే. 1937 డిసెంబరు 21న లాస్ ఏంజెలెస్‌లో తొలి ప్రదర్శన జరిగింది. ఈసారి మనవలకు ముందు ఆ ఒక్క ఘట్టమే చూపించండి. ఏ మరుగుజ్జు ఎవరిలా ఉన్నాడో ఇంట్లోవాళ్లతో పోల్చి చెప్పమనండి.

ప్రశ్న: 'డంబో' సినిమాకు ఏదో హెచ్చరిక జతచేశారు. పిల్లలకు పనికిరాదా?
- ఒక నాన్న, డల్లాస్

జవాబు: పనికొస్తుంది. బోనులో ఉన్న తల్లి ఏనుగు కిటికీ ఊచల్లోంచి తొండం చాచి బిడ్డను ఊపే ఘట్టానికి సాటి వచ్చేవి తక్కువ. అయితే కాకుల మాట, నడక నల్లజాతివారిని ఎగతాళి చేసే నాటి వేదికల వరసలోవి. పెద్ద కాకికి స్టూడియోలో పెట్టిన పేరు జిమ్ క్రో. అమెరికాలో ఒకప్పటి జాతి వివక్ష చట్టాలకు వాడుకలో ఉన్న పేరూ అదే. వానలో గుడారం కట్టే నల్ల కూలీలకు ముఖాలే గీయలేదు. అమెరికాలో పెరుగుతున్న మీ పిల్లలకు ఈ సంగతి మీ నోటితోనే చెప్పండి.

ప్రశ్న: 'పినాకియో' చూశాక మా మనవడు రాత్రి పడుకోబోతూ అడిగాడు: "అమ్మమ్మా, గాడిదలైపోయిన మిగతా పిల్లలు ఇంటికెళ్లారా?" నాకు నోట మాట రాలేదు.
- ఒక అమ్మమ్మ, తెనాలి

జవాబు: మీవాడు సినిమాను సరిగ్గా చూశాడమ్మా. 1940లో వచ్చిన ఆ సినిమా దీనికి జవాబు చెప్పదు. పినాకియో తప్పించుకుంటాడు, పిల్లల్ని తోలుకెళ్లిన బండివాడికి ఏ శిక్షా పడదు. అల్లరి స్నేహితుడు గాడిదగా మారేటప్పుడు చివరి మార్పు గోడమీద నీడగానే కనిపిస్తుంది. వాడి నోట ఆఖరి పిలుపు "అమ్మా" అనే. ఈ సినిమాకు మూలమైన, 1883లో పుస్తకంగా వచ్చిన కొల్లోడి ఇటాలియన్ కథ ఇంకా కఠినం. చాకిరీతో అలిసిపోయిన ఆ స్నేహితుడు గాడిదగానే పినాకియో కళ్లముందు ప్రాణం విడుస్తాడు.

ఇది ఇప్పుడే వాడికి చెప్పనక్కర్లేదు. "వెళ్లిపోయారులే" అని అబద్ధమూ చెప్పకండి. నాకూ తెలియదు కన్నా, నువ్వయితే వాళ్లను ఎలా విడిపిస్తావు అని అడిగి, కాగితం, రంగు పెన్సిళ్లు వాడి చేతికివ్వండి.