చెవితో చదివే నవల: సూకీ స్టాక్‌హౌస్ కథలు, ఒక పరిశీలన

నవలను కళ్ళతో చదివితేనే చదివినట్టా? చెవితో వింటే అది చదువు కాదా? శ్రవ్య పుస్తకాలు సెల్‌ఫోనులోకి వచ్చేసిన యీ రోజుల్లో విద్యార్థి లోకం జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న యిది. దీనికి తోడు మరొక చిన్నచూపు కూడా వున్నది. దయ్యాల ప్రేమకథలు కాలక్షేపానికేగాని పరిశీలనకు పనికిరావని! యీ రెండు అభిప్రాయాలనూ ఒక్క ఉదాహరణతో పరీక్షించటమే యీ వ్యాసం ఉద్దేశం.

కథా పరిచయం

అమెరికా రచయిత్రి షార్లేన్ హారిస్ 2001లో 'డెడ్ అంటిల్ డార్క్' అనే నవల ప్రచురించారు. 2013లో 'డెడ్ ఎవర్ ఆఫ్టర్'తో ముగిసిన ఆ వరుసలో మొత్తం 13 నవలలున్నాయి. వీటి ఆధారంగా 'ట్రూ బ్లడ్' అనే టెలివిజన్ సీరియల్ 2008 నుంచి 2014 వరకు నడిచింది. శ్రవ్య రూపంలో యీ నవలలను చదివి వినిపించినవారు జొహానా పార్కర్. మొదటి నవల వినటానికే సుమారు 10 గంటలు పడుతుంది.

కథాస్థలం లూసియానా రాష్ట్రపు ఉత్తర భాగంలో, బాన్ టాం అనే కల్పిత చిన్న ఊరు. ఆ ఫ్రెంచి పేరుకు 'మంచి రోజులు' అని అర్థం. ఎవరింట్లో ఏం జరిగినా సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోతుంది. సూకీ అక్కడి బారులో సర్వరు. తల్లిదండ్రులు పోతే నాయనమ్మ పెంచింది. ఎదుటివాళ్ళ మనసులో మాట ఆమెకు వినిపిస్తుంది. దాన్ని ఆమె వరమనుకోదు, అవకరమనుకుంటుంది. ఊళ్ళో చాలామందికి ఆమె ఓ తిక్కపిల్ల.

యిదే సమయంలో జపానువాళ్ళు కృత్రిమ రక్తం తయారుచేస్తారు. యిక మనుషుల రక్తం తాగనక్కర్లేదు గనుక రక్తపిశాచులు 'మేమూ వున్నాం' అని లోకానికి వెల్లడిస్తారు. ఒక రాత్రి బిల్ కాంప్టన్ అనే రక్తపిశాచి బారులోకి వస్తాడు. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడినవాడు. అతని మనసు సూకీకి వినిపించదు! పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆమెకు దొరికిన మొదటి విశ్రాంతి అదే. ఆమె ప్రేమించింది ముందుగా ఆ నిశ్శబ్దాన్ని అని చెప్పవచ్చు.

వినటంలోని ప్రత్యేకత

యీ కథలన్నీ సూకీయే 'నేను' అంటూ చెబుతుంది. అచ్చులో అది ఒక వ్యాకరణ పురుష మాత్రమే. శ్రవ్యంలో అయితే ఒక ఆడపిల్ల గొంతు, దక్షిణాది యాసతో, పైకి అనలేని మాటల్ని మన చెవిలో చెబుతున్నట్టుంటుంది. సూకీ యితరుల మనసులు వింటుంది, మనం సూకీ మనసు వింటాం. వింటున్నంతసేపూ ఆమె పడే అవస్థలో మనకూ కొంత పాలు దక్కుతుంది. కళ్ళతో చదివేవాడు పేజీ దాటేయగలడు. చెవికి రెప్పలేదు గదా!

రెండవ విశేషం గొంతుల మార్పు. పైకి 'బాగున్నావా సూకీ' అనే మనిషే లోపల మరొకటి అనుకుంటాడు. అచ్చులో ఆ తేడాను అక్షరాలు వాల్చి చూపించవచ్చు. చదివి వినిపించేవారికి మాత్రం గొంతు తప్ప మరో సాధనం లేదు.

యిక అసలు విషయం. మొదటి నవలలో ఊళ్ళో వరసగా హత్యలు జరుగుతాయి. అందరి అనుమానమూ కొత్తగా వచ్చినవాళ్ళ మీద. చివరికి తేలే హంతకుడు రక్తపిశాచి కాదు, ఊరివాడే. రోజూ పలకరించే మనిషే. రక్తపిశాచులతో తిరిగే ఆడవాళ్ళ మీద ద్వేషం అతని చేత ఆ పని చేయించింది. మనసులు వినగల సూకీ కూడా ముందుగా పసిగట్టలేదు. రెండోసారి వింటే ఆ స్నేహపు గొంతు మనకు వేరుగా వినిపిస్తుంది. పరాయివాడంటే భయం, అయినవాడంటే గుడ్డినమ్మకం అనే చిన్న ఊరి జబ్బును యీ దయ్యాల కథ బయటపెట్టింది. యిది కాలక్షేపం మాత్రమేనా?

లోపాలు

లోపాలు లేకపోలేదు. వరుస సాగేకొద్దీ తోడేలు మనుషులు, యక్షిణులవంటివారు చేరి కథ చిక్కుపడుతుంది. పేర్లు మరిచిపోతే వెనక్కి తిప్పి వెతకటం శ్రవ్యంలో కష్టం. సూకీ జీవితం చివరకు ఎవరితో ముడిపడిందన్న దానిపై 2013లో చాలామంది అభిమానులు అలిగారు కూడా. పైగా ఇంగ్లీషును కంటితో నేర్చుకున్న మనకు ఆ యాస మొదటి గంటసేపు కొరుకుడు పడదు. వేగం తగ్గించి, వరుస తప్పకుండా, రోజుకొక ప్రకరణం చొప్పున వినటం మంచిది.

ముగింపు

శ్రవ్య పుస్తకం సోమరుల కోసం పుట్టినది కాదు. అంధ పాఠకులకు పుస్తకాలు సమకూర్చటానికి అమెరికా ప్రభుత్వం 1931లో చట్టం చేసింది. 1934 నాటికి వారికోసం 'మాట్లాడే పుస్తకాలు' గ్రామఫోను రికార్డుల మీద వచ్చాయి. ఆ పాఠకులు చదివింది చదువు కాదనగలమా? హరికథనూ బుర్రకథనూ రాత్రంతా కూర్చుని విన్న జాతి మనది. వినటం మనకు కొత్త విద్య కాదు. ఏ నవలనైనా కంటితోనా చెవితోనా అని కాక, ఎంత శ్రద్ధతో అందుకున్నామన్న దానినిబట్టి మన చదువును కొలుచుకుందాం. యీ సెలవుల్లో సూకీ కథ ఒకటి విని, ఆ హంతకుణ్ణి మీరు ఎక్కడ పట్టుకున్నారో మిత్రులతో చర్చించండి.