కాయకమునందు లింగసన్నిధి

"దినమంతయు పనితోనే గడచుచున్నది, ఇక లింగపూజకు వేళ యెక్కడిది?" అను మాట నేడు వీరశైవ గృహములలో తరచుగా వినబడును. తాండూరు నాపరాతి గనులలోను, పాలిషు కర్మాగారములలోను శ్రమించువారు, కందిచేల రైతులు, వికారాబాదులో తెల్లవారుజామున రైలెక్కి పట్నమునకు పోవు ఉద్యోగులు ఇట్లే వాపోవుదురు. దీనికి రెండు సమాధానములు ప్రచారములో నున్నవి. పూజ తప్పినవాడు భక్తుడే కాడని కొందరందురు. పనియే పూజ గనుక వేరు పూజ యక్కరలేదని మరికొందరందురు. శరణుల మార్గము ఈ రెండును గాదు.

1. ఎవరి త్రోవ వారిది

దీక్షాసమయమున గురువు శిష్యుని అరచేత ఇష్టలింగము నుంచును. అది ఊరి కంతటికి ఒక్కటి గాదు, ఎవరిది వారిదే. గనికైనను, చేనికైనను, అంగడికైనను ధరించినవానితోనే పోవును. 12వ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుడు బోధించిన ధర్మమున కిది మూలము. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమును చూడుడు. బెజ్జమహాదేవి శివునకు తల్లి లేదని జాలిపడి తానే తల్లి యయ్యెను. వేటకాడైన కన్నప్ప తన కన్ను నిచ్చెను. మడివాలు మాచయ్య శరణుల వస్త్రము లుదికెను. ఒకరి నొకరు అనుకరింపలేదు, అందరును శివుని చేరిరి.

2. నులియ చందయ్య

చందయ్య గడ్డి కోసి, త్రాళ్లు పేని అమ్మి, వచ్చినదానితో జంగమ దాసోహము చేయుచుండెను. ఒకనాడు గడ్డి కోయుచుండగా లింగము జారి నీట పడెను. కాయకమునకు భంగము కలుగునని ఆయన ఆగలేదు. లింగమే ఆయనను వెంబడించెననియు, మాచయ్య మందలించి ఇరువురిని కలిపెననియు శరణుల కథ. దీనిలో సగము మాత్రమే చెప్పుకొనుట పొరపాటు. కాయకము లింగమును వెంట రప్పించినది నిజమే. కాని మాచయ్య లింగమును విడువనీయలేదు.

3. ఏ పని కాయకము?

ప్రతి పనియు కాయకము గాదు. ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యపు గింజ లేరి జీవించెను. ఒకనాడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ వానిని తిరిగి అక్కడనే పోసి రమ్మనెను. ఇదియే సదాచారము. బండల కొలతలో అడుగు తగ్గించినచో, కందుల తూకములో మోసము చేసినచో, ఆ చేతిలో లింగమున్నను సన్నిధి యుండదు.

4. నిత్యాభ్యాసము

ఉదయమున విభూతి ధరించి, కొద్ది నిమిషములైనను లింగమును అరచేత నుంచుకొని దృష్టి నిలిపి పంచాక్షరిని జపింపవలెను. పని మొదలిడునపుడు ఒకసారి లింగమును స్మరింపవలెను. రాత్రి ఆనాటి సంపాదనను లక్కమ్మ కన్నులతో చూచుకొనవలెను. మిగిలినదానిలో కొంత దాసోహమునకు తీసిపెట్టవలెను.

తాండూరు భావిగి భద్రేశ్వరస్వామి రథోత్సవము సంవత్సరమున కొకసారి వచ్చును. తక్కిన దినములలో స్వామి కొలువు అరచేతిలోనే.

ఇంట చర్చింపదగిన ప్రశ్నలు

అ) మాచయ్య చందయ్యను ఏల మందలించెను?
ఆ) లక్కమ్మ నేడు మన యింటికి వచ్చినచో దేనిని తిరిగి ఇచ్చి రమ్మనును?
ఇ) ఇంటిలో ఒక్కొక్కరికి లింగస్మరణకు అనువైన వేళ యేది?

శరణు శరణార్థి.