నా ల్యాప్‌టాప్‌లో తెలుగు, వాడి ఫోన్లో సున్నా

పోయిన సెమిస్టర్‌లో మా క్లబ్ చిన్న కథల పోటీ పెట్టింది. కథల నిడివి చూడడానికి, తెలుగు అక్షరాలు లెక్కబెట్టే చిన్న సి లైబ్రరీ ఒకటి నేను రాశాను. మదనపల్లె హాస్టల్లో నా ల్యాప్‌టాప్‌లో బాగానే పనిచేసింది. కుప్పంలో ఉండే నా ఫ్రెండ్‌కి ల్యాప్‌టాప్ లేదు. ఫోన్లో టెర్మక్స్ పెట్టుకుని అందులోనే కంపైల్ చేశాడు. రాత్రి ఫోన్ చేసి, "రేయ్, నా కథలో ఒక్క తెలుగు అక్షరం కూడా లేదంటాండాది రా నీ ప్రోగ్రామ్!" అన్నాడు.

ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. నాలుగు రాత్రులు కూర్చుని రాసిన కథకి సున్నా అంటే ఎవరికైనా బాధే కదా. "నా దగ్గర పనిచేస్తోంది మరి" అనేది జవాబు కాదు.

సున్నా ఎందుకొచ్చింది?

యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకీ మూడు బైట్లు. మొదటి బైట్ విలువ 224. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఇంటెల్ చిప్. అక్కడ చార్ అనే టైపుకి మైనస్ విలువలుంటాయి, అందుకే 224 కాస్తా -32గా కనిపిస్తుంది. నేనేమో "సున్నా కంటే తక్కువైతే తెలుగు" అని రాసేశాను. ఫోన్లో ఉన్నది ఆర్మ్ చిప్. ఆండ్రాయిడ్‌లో దాని మీద చార్‌కి మైనస్ లేదు, 224 అంటే 224నే. నా షరతు ఒక్కసారి కూడా నిజం కాలేదు. సి స్టాండర్డ్ రెండు పద్ధతుల్నీ ఒప్పుకుంటుంది. కాబట్టి తప్పు ఫోన్‌ది కాదు, నాదే.

లాంగ్ టైపు కూడా ఇంతే. 64-బిట్ లైనక్స్‌లో 8 బైట్లు, 64-బిట్ విండోస్‌లో 4. మా పుంగనూరు ఆవుని కొలిచి కొట్టం కడితే అందులో ఒంగోలు ఆవు పడుతుందా? పేరు ఆవే, కొలత వేరు.

కాన్ఫిగర్ చేసే పని

సి లైబ్రరీలు డౌన్‌లోడ్ చేసి కాన్ఫిగర్ స్క్రిప్ట్ నడిపితే స్క్రీన్ మీద "చెకింగ్... ఎస్, చెకింగ్... నో" అని వరుసగా వస్తాయి కదా. చాలా వాటి వెనుక ఉన్నది 1991లో డేవిడ్ మెకెంజీ మొదలుపెట్టిన ఆటోకాన్ఫ్. అది చేసేది చాలా సింపుల్. ప్రతి ప్రశ్నకీ ఒక బుల్లి సి ప్రోగ్రామ్ రాసి, కంపైల్ చేసి, లింక్ చేసి చూస్తుంది. అయితే "ఉంది", కాకపోతే "లేదు". ఆ జవాబులన్నీ ఒక హెడర్ ఫైల్లో పడతాయి. మన కోడ్ దాన్ని చూసి దారి ఎంచుకుంటుంది.

ఉదాహరణకి స్ట్రల్‌కాపీ ఫంక్షన్. 1998లో ఓపెన్‌బీఎస్‌డీలో వచ్చింది. ఆండ్రాయిడ్‌లో ఉంది. లైనక్స్ వాళ్ల జీలిబ్‌సీలోకి మాత్రం 2023లో, 2.38 వెర్షన్‌తో వచ్చింది. అంటే ఉబుంటు 22.04లో లేదు, 24.04లో ఉంది. "లైనక్స్ అయితే లేదు" అని రాస్తే రేపటికి తప్పవుతుంది. కుప్పం బస్టాండులో మనిషి ఏ రాష్ట్రమో ఊహించి మాట కలపం, "తెలుగొస్తుందా?" అని అడుగుతాం. ఇక్కడా అంతే. సిస్టమ్ పేరు అడగొద్దు, కావాల్సిన వస్తువు ఉందా అని అడగాలి.

మూడు జాగ్రత్తలు

ఒకటి, ప్రతిదానికీ చెక్ అక్కర్లేదు. నా సమస్యకి మందు అన్‌సైన్డ్ చార్ వాడి, 127 దాటిందా అని చూడడమే.

రెండు, క్రాస్ కంపైల్ చేస్తే చెక్ ప్రోగ్రామ్ నడవదు. ల్యాప్‌టాప్‌లో ఆర్మ్ ప్రోగ్రామ్ ఎలా నడుస్తుంది? అందుకే కంపైల్ దశలోనే తేలిపోయే ప్రశ్నలు వేయాలి.

మూడు, "లేదు" అన్న జవాబుని గుడ్డిగా నమ్మొద్దు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఎక్స్‌జెడ్ లైబ్రరీలో దొంగదారి బయటపెట్టాడు. తర్వాత వెతికితే, దాని సీమేక్ చెక్ కోడ్‌లో ఎవరికీ కనబడని ఒక్క చుక్క దొరికింది. ఆ చుక్క వల్ల ఆ బుల్లి ప్రోగ్రామ్ ఎప్పుడూ కంపైల్ కాదు. ఫలితంగా ల్యాండ్‌లాక్ అనే రక్షణ "లేదు" అని తేలి, చప్పుడు లేకుండా ఆగిపోతుంది. కాబట్టి "నో" వస్తే కాన్ఫిగ్ లాగ్ తెరిచి, ఎందుకు ఫెయిల్ అయిందో చదవండి.

కోడ్ సరిచేసి పంపాక వాడి కథ లెక్కకొచ్చింది, పోటీకీ వెళ్లింది. మీరు ఫస్టియర్‌లో రాసిన సి ప్రోగ్రామ్ ఒకటి ఈ రాత్రి ఫోన్లో కంపైల్ చేసి చూడండి. ఏం బయటపడిందో నాకూ చెప్పండి.