ఇంజను దీపము – పలుచని మిశ్రమము: ఒక పరిశీలన

కడప నుండి కర్నూలునకు పోవు 40వ నంబరు జాతీయ రహదారిపై ఒక వేసవిలో మాకు కలిగిన అనుభవమే ఈ వ్యాసమునకు కారణము. మేమెక్కిన అద్దెకారు మైదుకూరు దాటగానే డాష్‌బోర్డుపై పసుపుపచ్చని ఇంజను బొమ్మ వెలిగినది. కారు సొంతదారుడే డ్రైవరు. అతడు నిట్టూర్చి, "ఇది మూడోసారి సార్. పోయిన నెల్లో సెన్సారు మార్పిచ్చినా. ఏడు వేలు పాయె. పది దినాలకే మళ్లీ ఎలిగె" అనెను. అప్పు చేసి కారు కొని, కంతులు కట్టుకొనుచున్న వానికి ఏడు వేలు చిన్న మొత్తము కాదు. ఆ సొమ్ము వృథాగా పోయినదని నంద్యాలలో తేలినది. అది ఎట్లు తేలినదో గ్రహించుటకు ముందు ఆ దీపపు భాషను తెలిసికొనవలెను.

మిశ్రమమనగా నేమి?

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. గాలి అంతకు మించినచో, లేక పెట్రోలు తగ్గినచో, ఆ మిశ్రమమును పలుచని మిశ్రమమందురు. పెట్రోలు ఎక్కువైనచో అది చిక్కని మిశ్రమము. మిశ్రమము పలుచనైనపుడు ఇంజను తడబడును, లాగుడు తగ్గును. అశ్రద్ధ చేసినచో మంట తప్పి, వేడి పెరిగి, కవాటములు చెడు ప్రమాదము కూడ కలదు.

కార్బురేటరు కాలమున అంబాసిడరు, పద్మినీ కార్లను బాగుచేయు మిస్త్రీలు ప్లగ్గును ఊడదీసి దాని రంగును చూచెడివారు. తెల్లగా నున్న పలుచన, నల్లని మసి యున్న చిక్కన, గోధుమరంగున నున్న సరియైనది. నేడు ఆ చూపు పనిని ఆక్సిజన్ సెన్సారు చేయుచున్నది. బోష్ సంస్థ రూపొందించిన ఈ సాధనము 1976లో తొలుత వోల్వో కార్లలో అమరినది.

దీపము వెలుగు విధము

పొగగొట్టములో నుండు ఈ సెన్సారు, సాధారణ రకమైనచో, మిశ్రమము పలుచనగా నున్నపుడు సుమారు 0.1 వోల్టును, చిక్కగా నున్నపుడు సుమారు 0.9 వోల్టును చూపును. దానిని బట్టి కారులోని కంప్యూటరు పెట్రోలును హెచ్చించును, లేక తగ్గించును. ఈ సవరణకు ఫ్యూయల్ ట్రిమ్ అని పేరు. అది సున్నకు అటునిటు పది శాతములోపు నున్నచో చింత లేదు. బండిని బట్టి 20 నుండి 25 శాతము వరకు పెట్రోలును కలిపినను మిశ్రమము పలుచనగనే యున్నచో, కంప్యూటరు దీపమును వెలిగించి పి0171 అను సంకేతమును వ్రాసికొనును. అమెరికాలో 1996 నుండి కొత్త కార్లన్నింటను ఈ సంకేతములు ఒకే పద్ధతిలో నున్నవి. మన దేశమునను భారత్ స్టేజి ప్రమాణములతో పాటు ఈ పద్ధతి వచ్చినది.

ఇచ్చట ఒక విషయమును మరువరాదు. జ్వరము రోగము కాదు, రోగలక్షణము. అట్లే "మిశ్రమము పలుచనైనది" యని సంకేతము చెప్పునే కాని, ఎందుచేత నైనదో చెప్పదు.

కారణములు

మొదటిది, లెక్కకు రాని గాలి. గాలిని కొలుచు సెన్సారును దాటిన పిమ్మట రబ్బరు గొట్టము చీలినచో, ఆ చీలిక గుండ చొచ్చిన గాలి లెక్కలోనికి రాదు. మన సీమ ఎండలకు, ఇంజను వేడికి రబ్బరు గట్టిపడి పగులుట సహజము. రెండవది, దుమ్ము. బేతంచెర్ల వంటి రాతి గనుల ప్రాంతములలో తిరుగు బండ్లకు ఫిల్టరు చినిగినను, సరిగా కూర్చొనకున్నను, ధూళి పోయి గాలి సెన్సారు తీగపై పేరుకొనును. అది గాలిని తక్కువగా లెక్కించును. మూడవది, పెట్రోలు చాలకుండుట: పంపు బలహీనపడుట, ఫిల్టరు పూడుట, ఇంజెక్టర్లు మూసికొనుట. నాల్గవది, సెన్సారునకు ముందు పొగగొట్టము చిల్లుపడుట. అప్పుడు వెలుపలి గాలి కలిసి సెన్సారును మోసగించును.

పెట్రోలులో ఇథనాలు పెరుగుట కూడ గమనింపదగినది. కిలో ఇథనాలునకు సుమారు 9 కిలోల గాలియే చాలును. కనుక ఇథనాలు పెరిగినకొలది కంప్యూటరు మరికొంత ఇంధనమును పంపవలసివచ్చును. ఇది యొక్కటియే దీపమును వెలిగించుట అరుదు. చిన్న చీలిక తోడైనచో వెలిగింపవచ్చును.

పరీక్షా క్రమము

స్కానరు తగిలించి, వేడెక్కిన ఇంజనును నిలిపియుంచి ట్రిమ్‌ను చూడవలెను. పిమ్మట వేగమును నిమిషమునకు 2,500 చుట్లకు పెంచి మరల చూడవలెను. నిలిపినపుడు ట్రిమ్ ఎక్కువగా నుండి, వేగము పెంచగానే తగ్గినచో గాలి చొచ్చుచున్నదని అర్థము. ఏలయన చీలిక గుండ వచ్చు గాలి, ఇంజను పీల్చు మొత్తము గాలిలో అప్పుడు స్వల్పభాగమగును. వేగముతో పాటు ట్రిమ్ పెరిగినచో పెట్రోలు పీడనమును, గాలి సెన్సారును పరీక్షింపవలెను. సెన్సారుపై అనుమానమున్నచో మిశ్రమమును కొద్దిగా చిక్కపరచి చూడవలెను. వోల్టేజి వెంటనే పైకెగసినచో సెన్సారు మంచిదే. చీలికను పొగయంత్రముతో వెదకుట క్షేమము; వేడి ఇంజనుపై మండు ద్రవములను చల్లుట ప్రమాదకరము.

నంద్యాలలో జరిగినది

నంద్యాలలో డ్రైవరు మమ్ము ఒక వృద్ధ మిస్త్రీ యొద్దకు తీసికొనిపోయెను. ఆయన స్కానరు పెట్టి చూచెను. నిలిపినపుడు ట్రిమ్ 22 శాతము, వేగము పెంచగా 6 శాతము. ఆయన వెంటనే ఇంజను క్రింది భాగమునకు చేయి పోనిచ్చి, క్రాంక్‌కేసు ఆవిరిని లోనికి చేర్చు రబ్బరు గొట్టమును వంచెను. వంపు వద్ద వ్రేలెడు పగులు కనబడెను.

"అయితే పాత సెన్సారు చెడిపోలేదా, చాచా?" అని డ్రైవరు అడిగెను.

"అది బాగానే ఉండె బేటా. అది చెప్పిన మాట వినకుండా దాన్నే మార్చినారు" అని ఆయన నవ్వెను.

కొత్త గొట్టమునకు, కూలికి కలిపి మూడు వందల యాభై రూపాయలైనవి. ఆళ్లగడ్డ వైపునకు ఒకసారి పోయివచ్చి చూడగా ట్రిమ్ 3 శాతమునకు దిగినది.

ఈ ప్రాంతమున ఎన్నో కుటుంబములు ఒక్క ఆటోపైననో, ఒక్క కారుపైననో బ్రతుకుచున్నవి. మన విద్యార్థులలో అట్టి ఇండ్లనుండి వచ్చినవారు పలువురు. తమ తండ్రియో, అన్నయో బండిని బాగుచేయించు వేళ వారు ప్రక్కన నిలిచి రెండు ప్రశ్నలడిగిన చాలును: "నిలిపినపుడు ట్రిమ్ ఎంత? వేగము పెంచిన తర్వాత ఎంత?" ఈ రెండు అంకెలు వ్రాయించుకొనక ఏ భాగమునకును డబ్బు చెల్లింపరాదని మా మనవి.