మీ ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఏ పైథాన్ వెర్షన్ నుంచి పనిచేయాలి? నా పొరపాటు నేర్పిన లెక్క

కొత్త ఫోన్ కొనేముందు మనం తప్పకుండా అడిగే ప్రశ్న: "ఎన్నేళ్లు అప్‌డేట్స్ ఇస్తారు?" మన ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ వాడేవాళ్లు అదే ప్రశ్న తిరిగి మనల్ని అడిగితే? ఒకరోజు నన్ను అడిగారు. నా దగ్గర సమాధానం లేదు.

ఫోన్ బ్యాటరీ టెస్టుల కోసం నేను పైథాన్‌లో ఒక చిన్న టూల్ రాశాను. ఫోన్‌ని కేబుల్‌తో కలిపితే బ్యాటరీ లాగ్ చదివి, గంటకి ఎంత చార్జ్ తగ్గిందో గ్రాఫ్ గీస్తుంది. 2.0 వెర్షన్‌లో పొడవాటి ఇఫ్-ఎల్స్ వరుసలన్నీ తీసేసి, పైథాన్ 3.10లో వచ్చిన మ్యాచ్ స్టేట్‌మెంట్ వాడాను. కోడ్ శుభ్రంగా కనిపించింది. సంబరంగా రిలీజ్ చేశాను.

మర్నాడు రాత్రి ఒక ఇంజినీరింగ్ స్టూడెంట్ నుంచి మెసేజ్: "అన్నా, నిన్నటిదాకా బాగానే పనిచేసింది. ఇవాళ ల్యాబ్‌లో ఇంకో సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ చేస్తే సింటాక్స్ ఎర్రర్ వస్తోంది. రేపు పొద్దున్నే ప్రాజెక్ట్ డెమో ఉంది."

వాళ్ల ల్యాబ్‌లో ఉన్నది ఉబుంటు 20.04. దాంతోపాటు వచ్చేది పైథాన్ 3.8. అందులో మ్యాచ్ అనేదే లేదు. పైగా 3.8కి అప్పటికింకా సెక్యూరిటీ అప్‌డేట్స్ వస్తూనే ఉన్నాయి. కాబట్టి తప్పు ల్యాబ్‌ది కాదు, నాదే. "వెర్షన్ నంబర్ 1.4 అని ఇచ్చి ఇన్‌స్టాల్ చెయ్యి తమ్ముడూ" అని ఆ పూటకి గట్టెక్కించాను. తర్వాత కూర్చుని అసలు లెక్క నేర్చుకున్నాను. అది ఇదీ.

1. ముందు క్యాలెండర్ చూడండి

పైథాన్ 3.9 నుంచి ఏటా అక్టోబర్‌లో ఒక కొత్త వెర్షన్ వస్తోంది. ప్రతి వెర్షన్‌కి దాదాపు 5 ఏళ్లు సపోర్ట్ ఉంటుంది. మొదట్లో మామూలు బగ్ ఫిక్సులు, ఆ తర్వాత సెక్యూరిటీ ఫిక్సులు మాత్రమే. 3.8కి 2024 అక్టోబర్‌లో సపోర్ట్ ముగిసింది. 2025 అక్టోబర్‌లో 3.14 వచ్చింది, అదే నెలలో 3.9 కథ ముగిసింది. 3.10కి గడువు 2026 అక్టోబర్.

పాతదాన్ని వదలడం పైథాన్ టీమ్‌కి కూడా తేలిక కాలేదు. 3.0 వచ్చింది 2008లో. 2.7ని 2015లో ముగిద్దామనుకుని, చివరికి 2020 జనవరి 1 దాకా మోశారు. కాబట్టి గడువు దాటిన వెర్షన్‌ని మీరు ఒక్కరే మోయాల్సిన పనిలేదు. గడువు లోపల ఉన్నదాన్ని వదిలేస్తే మాత్రం ఒక కారణం ఉండాలి. నంపై లాంటి సైంటిఫిక్ ప్రాజెక్టులు దాదాపు 3 ఏళ్లు దాటిన వెర్షన్లని వదిలేసే పద్ధతి పాటిస్తాయి. మీ టూల్ వాటి మీద ఆధారపడితే ఆ లెక్క మీకూ తగులుతుంది.

2. తర్వాత యూజర్ల మెషీన్లు చూడండి

మన ల్యాప్‌టాప్‌లో లేటెస్ట్ ఉంటుంది. వాళ్ల దగ్గర సిస్టమ్‌తో వచ్చిందే ఉంటుంది. ఉబుంటు 22.04లో 3.10, 24.04లో 3.12, డెబియన్ 12లో 3.11. కాలేజీ ల్యాబ్‌లో అడ్మిన్ పాస్‌వర్డ్ స్టూడెంట్ చేతిలో ఉండదు. "కొత్త పైథాన్ వేసుకోండి" అనడం మనకి ఒక్క లైన్, అవతలివాళ్లకి రెండు రోజుల పని.

3. నిర్ణయాన్ని పిప్‌కి కూడా చెప్పండి

రీడ్‌మీలో రాస్తే మనుషులే చదవాలి, వాళ్లూ చదవరు. పైప్రాజెక్ట్ టామ్ల్ ఫైల్‌లో రిక్వైర్స్-పైథాన్ అనే లైన్ ఉంటుంది. అందులో కనీస వెర్షన్ 3.10 అని పెడితే, 3.8 ఉన్న మెషీన్‌లో పిప్ మీ కొత్త రిలీజ్‌ని పక్కనపెట్టి, సరిపోయే పాత రిలీజ్‌ని వెతికి ఇస్తుంది. యూజర్‌కి ఎర్రర్ రాదు. నేను మర్చిపోయింది ఈ ఒక్క లైనే.

4. నేను రెండోసారి పడ్డ గుంట

వెంటనే ఆ లైన్ చేర్చి 2.0.1 రిలీజ్ చేశాను. "ఇప్పుడు చూడు తమ్ముడూ" అన్నాను. మళ్లీ అదే ఎర్రర్! ఎందుకంటే పిప్ 2.0.1ని సరిగ్గానే వదిలేసింది. కానీ దాని కిందున్న 2.0.0లో ఆ లైన్ లేదు కదా, అందుకని "ఇది అందరికీ పనికొస్తుంది" అనుకుని దాన్నే ఇచ్చింది. మందు 2.0.0ని యాంక్ చేయడం. అంటే డిలీట్ కాదు. ఎవరైనా సరిగ్గా ఆ నంబరే అడిగితే తప్ప పిప్ దాన్ని ఎంచుకోదు. యాంక్ చేశాక 3.8 వాళ్లకి దానంతటదే 1.4 వచ్చింది.

5. టెస్ట్ చేయనిది సపోర్ట్ కాదు

కనీస వెర్షన్‌లోనూ, లేటెస్ట్‌లోనూ టెస్టులు ఆటోమేటిక్‌గా నడవాలి. మధ్యవి ఆ తర్వాత. ఒక చిన్న చిక్కు: గిట్‌హబ్ యాక్షన్స్ ఫైల్‌లో 3.10 అని కోట్స్ లేకుండా రాస్తే, అది దశాంశ సంఖ్య అనుకుని 3.1గా చదువుతుంది. కోట్స్ పెట్టండి.

చివరికి నేను ఏం చేశాను?

2.x కి కనీస వెర్షన్ 3.10గానే ఉంచాను. మ్యాచ్ తీసేసి వెనక్కి వెళ్లలేదు, ఆ కోడ్ చూసుకునేది నేనొక్కడినే. బదులుగా 3.8 గడువు ముగిసేదాకా, అంటే 2024 అక్టోబర్ వరకు, 1.x లో పెద్ద బగ్స్ సరిచేస్తూ వచ్చాను. ఇకమీదట చిన్న బగ్ ఫిక్స్ రిలీజ్‌లో ఏ వెర్షన్‌నీ వదలను. వదిలే ముందు ఒక రిలీజ్‌లో ముందుగానే చెప్తాను.

మీ ప్రాజెక్ట్ వాడేది పదిమందే అయినా ఇవాళే ఆ ఫైల్ తెరిచి చూడండి. ఆ ఒక్క లైన్ లేకపోతే, మొదటి రిలీజ్‌కి ముందే పెట్టండి. రేపు డెమో ఉన్న కుర్రాడు ఎవరో మనకి ముందుగా తెలియదు.